రాజునకు పైనున్న శాసనము: సర్ ఎడ్వర్డ్ కోక్ చరిత్రము

రాజు గొప్పవాడా, శాసనము గొప్పదా యను ప్రశ్న రాజులు పుట్టిననాటినుండియు నున్నదే. శాసనమే గొప్పదని పలుకని దేశము లేదు. మన బృహదారణ్యకోపనిషత్తు క్షాత్రబలమునకు సైతము పైగా ధర్మమును నిలిపి, బలహీనుడు ధర్మము నాశ్రయించి బలవంతుని నిలువరింపగోరునని బోధించినది. మహాభారతమున శాంతిపర్వము రాజధర్మములను వేలకొలది శ్లోకములలో విస్తరించినది. అయినను ఒక సందేహము మిగులుచున్నది. రాజు ధర్మము దప్పినపుడు ఆతనిని నిలిపి యడుగువా డెవ్వడు? ఎచ్చట నడుగును? అడుగువాని యుద్యోగమును, ఆస్తియు, ప్రాణమును ఆ రాజు చేతిలోనే యున్నపుడు ఆ యడుగుట యెన్నినాళ్లు సాగును? ఈ ప్రశ్నలకు సమాధానము గ్రంథములలో గాక ఒక మనుష్యుని జీవితమున గన్పట్టినది. ఆతడు 17వ శతాబ్దపు ఇంగ్లండు న్యాయమూర్తి సర్ ఎడ్వర్డ్ కోక్. ఆ చరిత్రమును నేడు పఠితల ముందుంచదలచితిమి.

కోక్ 1552 ఫిబ్రవరి 1వ తేదీన, ఇంగ్లండు తూర్పుభాగమందలి నార్ఫోక్ మండలమున, మైల్‌హామ్ గ్రామములో జనించెను. తండ్రి రాబర్టు న్యాయవాది, భూవసతి గలవాడు. కుమారుడు చిన్నవాడై యుండగనే ఆయన గతించెను. బాలుడు నార్విచ్ పాఠశాలలోను, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోను జదివి, 1572లో లండనునందలి ఇన్నర్ టెంపుల్ అను న్యాయవాదుల విద్యాస్థానమున జేరి, 1578లో న్యాయవాది యయ్యెను. ఇంగ్లండు శాసనము మన స్మృతులవలె ఒక గ్రంథమున గూర్పబడినది కాదు. తరతరముల న్యాయాధిపతులు వ్యాజ్యములందు జెప్పిన తీర్పులలోను, ప్రాచీనాచారములలోను అది చెదరియున్నది. దానినే కామన్ లా యందురు. ఆ తీర్పుల నెరిగినవానికి అది తరుగని నిధి, ఎరుగనివానికి అడవి. కోక్ తాను విన్న వ్యాజ్యములనెల్ల వ్రాసికొని, 1600 మొదలుకొని 1615 వరకు 11 భాగములుగా ముద్రింపించెను. ఆ కాలమున ఇంగ్లీషు శాసనమును ఆతనివలె గ్రహించినవాడు మరియొకడు లేడనుట అతిశయోక్తి కాదు.

ఈ విద్యావంతుడు మొదట రాజశక్తికి హద్దులు గీచినవాడు కాడు, దానికి ఖడ్గమైనవాడు. 1593లో కామన్సు సభకు స్పీకరుగా నుండి, 1594లో ఎలిజబెత్ రాణికి అటార్నీ జనరలయ్యెను. ఆ పదవికై ఫ్రాన్సిస్ బేకన్ పోటీపడి యోడిపోయెను. వీరిరువురి వైరము జీవితాంతము నిలిచినది. రాజద్రోహ వ్యాజ్యములలో కోక్ నోటికి అదుపుండెడిది కాదు. 1603లో వించెస్టరునందు సర్ వాల్టర్ రాలీపై జరిగిన విచారణయే దీనికి సాక్ష్యము. రాలీపై ముఖ్యసాక్ష్యము ఒక్క కోభామ్ ప్రభువు చెప్పినది. ఆ సాక్షిని తన యెదుటికి దెమ్మని రాలీ మొరపెట్టుకొన్నను దేలేదు. సాక్ష్యమున గల లోపమును కోక్ తన దూషణములతో బూరించెను. మరణశిక్ష విధింపబడెను; 15 సంవత్సరములకు పిమ్మట, 1618లో, అది యమలు జరిగెను. కోక్ యౌవనమును, నడివయసును ఈ విధముగా రాజసేవలో గడచినవని పఠితలు మరువరాదు. రాజశక్తి చేతులు ఎంత దూరము చాగునో ఆతడు లోపలినుండి చూచినవాడు.

1606లో ఆతడు కామన్ ప్లీజ్ అను న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. అప్పటికి సింహాసనమున నున్నవాడు 1603లో స్కాట్లండునుండి వచ్చిన జేమ్సు. ఈయన పండితుడు. రాజు భగవంతుని ప్రతినిధి యనియు, శాసనములకు బూర్వమే రాజులు గలరనియు, గనుక రాజే శాసనకర్త యనియు 1598లోనే గ్రంథము వ్రాసిన ప్రభువు. మంచి రాజు శాసనము ననుసరించుననియు, కాని యది ఆతని దయయే గాని బాధ్యత కాదనియు ఆయన సిద్ధాంతము. దయకును బాధ్యతకును గల యీ భేదమే సర్వవివాదమునకు మూలము. దయగా నిచ్చినది కోపము వచ్చినపుడు తిరిగి తీసికొనబడును.

1607లో మొదటి ఘర్షణ జరిగెను. మతవిషయములను విచారించుటకు రాజాజ్ఞచే నేర్పడిన హైకమిషను అను సభ తన పరిధిని మించి జనులను జెరసాల బెట్టుచుండగా, కోక్ న్యాయస్థానము నిషేధాజ్ఞలతో దాని నడ్డగించుచుండెను. కాంటర్బరీ ప్రధానాచార్యుడు రాజుతో మొరపెట్టుకొనెను. న్యాయాధిపతులు రాజు ప్రతినిధులు మాత్రమే గనుక, రాజు తన కిష్టమైన వ్యాజ్యమును తానే తీసికొని తీర్పు జెప్పవచ్చునని ఆ వర్గమువారి వాదము. తనకును న్యాయాధిపతులకువలెనే బుద్ధి గలదు గదా యని జేమ్సు ప్రశ్నించెను. రాజునకు దేవుడు గొప్ప ప్రజ్ఞ నొసగెననుట నిజమే. కాని జనుల ప్రాణములను ఆస్తులను నిర్ణయించునది సహజబుద్ధి కాదు, చిరకాలము చదివియు జూచియు సంపాదించిన శాసనబుద్ధి యని కోక్ విన్నవించెను. అట్లైన రాజు శాసనమునకు లోబడినవాడగును, ఇట్లనుట రాజద్రోహమని జేమ్సు మండిపడెను. కోక్ 13వ శతాబ్దపు శాస్త్రకారుడైన బ్రాక్టను వచనము నుదహరించి, రాజు మనుష్యున కెవ్వనికిని లోబడడు గాని దేవునికిని శాసనమునకును లోబడునని చెప్పెను. ఇది కోక్ తానే వ్రాసికొన్న వృత్తాంతము. ఆనాటి యొక లేఖ మరియొక విధముగ జెప్పుచున్నది: రాజు పిడికిలి బిగించి పైకి రాగా, కోక్ నేలపై సాగిలపడి క్షమాపణ వేడెనట. రెండును నిజములు కావచ్చును. దేహము వంగినది. అయినను నిషేధాజ్ఞలు ఆగలేదు.

1610లో ప్రకటనల ప్రశ్న వచ్చెను. పార్లమెంటును బిలువకుండ రాజముద్రతో బ్రకటనలు వెలువరించి, లండనులో గొత్తయిండ్లు గట్టరాదని, గోధుమలతో గంజిపిండి చేయరాదని జేమ్సు శాసించుచుండెను. చూచుటకు ఇవి చిన్నవిషయములు. నగరము కిక్కిరియుట, ధాన్యము వ్యర్థమగుట మంచివి కావనుటయు సత్యమే. రాజు మంత్రులు కోక్‌ను పిలిచి, ఈ ప్రకటనలు చెల్లునని యభిప్రాయ మిమ్మనిరి. ఆతడు వెంటనే యుత్తరము జెప్పక, తోడి న్యాయాధిపతులతో నాలోచింప గడువు గోరెను. పిదప వారు నిర్ణయించిన దేమనగా: నిన్నటివరకు నేరము కానిదానిని రాజు తన ప్రకటనచే నేరము చేయజాలడు, దేశశాసన మెంతవర కిచ్చునో అంతవరకే రాజున కధికారము గలదు. గంజిపిండివంటి యల్పవస్తువునుగూర్చి పుట్టిన యీ సూత్రము తరువాతి నాలుగు శతాబ్దములు నిలిచినది. ఇల్లు గట్టుకొనువానిని, పంట యమ్ముకొనువానిని ఏ దినమున నే నేరగానిగ జేయుదురో తెలియని రాజ్యమున ఆస్తి యను మాటకు అర్థము లేదు. నిర్బంధించు ఉద్దేశము మంచిదైనంతమాత్రమున నిర్బంధించు నధికారము పుట్టదు.

ఆ సంవత్సరమే లండను వైద్యకళాశాలవారు తామే నేరము మోపి, తామే విచారించి, తామే జుల్మానా విధించి, దానిలో సగము తామే తీసికొనుచుండగా, వారిచే జెరలో బెట్టబడిన బోన్‌హామ్ అను వైద్యుని పక్షమున కోక్ తీర్పు జెప్పెను. తన వ్యాజ్యమునకు తానే తీర్పరి యగుట ఎవ్వనికిని జెల్లదను నీతి యందు స్థిరపడినది. వైద్యులకు జెల్లనిది రాజునకు మాత్ర మేల చెల్లవలెనను ప్రశ్న విన్నవారి మనస్సులలో దానంతట నదియే పుట్టియుండును.

1613లో బేకన్ సలహాపై కోక్‌ను కింగ్సు బెంచి న్యాయస్థానమునకు మార్చిరి. పదవి పెద్దది, రాబడి తక్కువ. అచ్చట రాజునకు దగ్గరగా నుండి మెత్తబడునని వారి యాశ. ఆశ ఫలింపలేదు. 1615లో పీచమ్ అను వృద్ధ మతాచార్యుని యింటిలో, ఆతడు పలుకనైనను బలుకని యుపన్యాసపు కాగితములు దొరకగా, వానిని రాజద్రోహముగ నెంచవచ్చునా యని న్యాయాధిపతుల నొక్కొక్కరిని విడివిడిగా రహస్యముగ నడుగుటకు రాజు యత్నించెను. విచారణకు ముందే చెవిలో నభిప్రాయము దీసికొనుట యీ రాజ్యపు టాచారము కాదని కోక్ అభ్యంతరము దెలిపెను. ఒంటరివాని నొప్పించుట సులభమని రాజునకు తెలియును, కోక్‌నకును తెలియును.

1616 జూన్ నెలలో అంతిమ పరీక్ష సంభవించెను. ఒక మఠాధిపత్యమును బిషప్పునకు రాజు కట్టబెట్టుటపై వ్యాజ్యము నడచుచుండగా, తనతో సంప్రదించువరకు దానిని నిలుపవలెనని రాజు బేకన్ ద్వారా ఆజ్ఞాపించెను. ఇట్టి యాజ్ఞ శాసనవిరుద్ధ మనియు, తమ ప్రమాణమునుబట్టి దానిని బాటింపజాలమనియు 12 మంది న్యాయాధిపతులును జేవ్రాళ్లుచేసి లేఖ వ్రాసిరి. జేమ్సు వారిని రప్పించి ఆ లేఖను చింపివైచెను. పన్నిద్దరును మోకరిల్లిరి. ఇకముందు రాజు నిలుపుమన్నపుడు నిలుపుదురా యని ఒక్కొక్కరి నడుగగా పదునొకండుగురు ఒప్పుకొనిరి. కోక్ ఒక్కడు మాత్రము, అట్టి సందర్భము వచ్చినపుడు న్యాయాధిపతికి తగినదే చేయుదునని చెప్పెను. నిరాకరణము కాదు, అంగీకారమును గాదు. మోకాళ్లపై నుండియే యిచ్చిన యుత్తరము. ఆ మాసముననే ఆతడు విధులనుండి దూరము చేయబడెను. తన తీర్పుల సంపుటములలోని తప్పులు దిద్దుకొమ్మని రాజాజ్ఞ వచ్చెను; ఆతడు వెదకి చూపినవి స్వల్పమైన యైదు పొరపాట్లు మాత్రమే. నవంబరులో పదవి పోయెను.

ఆ పదునొకండుగురు దుర్మార్గులు కారు. నిన్న లేఖపై జేవ్రాలు చేసిన చేతులే నేడు మోడ్చినవి. న్యాయాధిపతి యుద్యోగము రాజు ఇష్టమున్నంతవరకే యను నియమమే వారిని వంచినది. శాసనము మారలేదు, వారి జ్ఞానము తరుగలేదు. శాసనమును గాపాడువాని కూడు ఎవని నరికట్టవలెనో ఆతని చేతనే యుండెను. ఇట్టి యేర్పాటులో రాజునకు హద్దు గలదనుట, గొళ్లెము లేని తలుపును మూసితిమనుటవంటిది.

కోక్ సైతము నిష్కళంకుడు గాడు. 1617లో ఆతడు రాజానుగ్రహమును దిరిగి సంపాదింపగోరి, రాజునకు ప్రాణప్రియుడైన బకింగ్‌హామ్ యన్నయగు జాన్ విల్లియర్సునకు తన కుమార్తె ఫ్రాన్సిస్‌ను, తల్లికిని బిడ్డకును ఇష్టము లేకున్నను, వివాహము చేసెను. తల్లి దాచిన బిడ్డను అనుచరులతో వెళ్లి తలుపులు పగులగొట్టి తెచ్చుకొనెను. ఆ కాపురము చెడినది. రాజు నిరంకుశత్వమును సహింపనివాడే తన యింట నిరంకుశుడయ్యెను. దీనిని గప్పిపుచ్చుట చరిత్రకారునికి దగదు. అధికారమునకు హద్దుండవలెనను సూత్రము, దానిని చెప్పినవానికి సైతము వర్తించునంత పెద్దది.

ఈ వివాహముచే ప్రీవీ కౌన్సిలు సభ్యత్వము దిరిగి వచ్చెను గాని న్యాయపీఠము రాలేదు. అప్పుడు కోక్ మరియొక స్థానము గనుగొనెను. అది కామన్సు సభ. అచ్చటి పీఠము రాజు ఇచ్చునది కాదు. నగరములును మండలములును ఎన్నుకొని యిచ్చునవి. 1621 పార్లమెంటున గుత్తవ్యాపారపు పట్టాలను, లంచములను విచారించుటలో కోక్ ముందుండెను. ఆ విచారణలలోనే చాన్సలరు పదవియందున్న బేకన్ లంచగొండితనము బయటపడి ఆతడు పతనమయ్యెను. తమ వాక్స్వాతంత్ర్యము పూర్వీకులనుండి వచ్చిన జన్మహక్కని, రాజు దయ కాదని ఆ డిసెంబరులో సభవారు తీర్మానించిరి. జేమ్సు సభాపత్రములు దెప్పించి ఆ పుటను తన చేతులతో చింపెను. కోక్‌ను లండను టవరు కోటలో నిర్బంధించి, 1622లో గాని విడువలేదు. అప్పటి కాతనికి 70 ఏండ్లు. విడుదలయైన పిదప 1624లో, గుత్తవ్యాపారపు పట్టాలను నిషేధించు శాసనము ఆతని కృషితో వెలువడెను. నూతన వస్తువులను గనిపెట్టినవారికి 14 ఏండ్లకు మించని హక్కు నిచ్చుట మాత్రము దానిలో మినహాయింపు.

1625లో చార్లెసు రాజయ్యెను. ఆ సంవత్సరమే కోక్‌ను బకింగ్‌హామ్ మండలమునకు షెరీఫుగా నియమించిరి. ఇది సన్మానము కాదు. షెరీఫు సభలో గూర్చుండరాదు గనుక 1626 పార్లమెంటునకు ఆతనిని రానీయకుండుటకు బన్నిన యుపాయము. పార్లమెంటు పన్ను లీయకపోవుటచే చార్లెసు బలవంతపు టప్పులు వసూలుచేయ నారంభించెను. ఈయనివారు చెర పాలైరి. వారిలో నైదుగురు వీరులు 1627లో హెబియస్ కార్పస్ ఆజ్ఞ గోరి కింగ్సు బెంచి నాశ్రయించిరి. నిర్బంధమునకు గారణ మేమనగా, రాజు ప్రత్యేకాజ్ఞ యని మాత్రము జవాబు వచ్చెను. న్యాయాధిపతులు వారిని విడిపింపలేదు. కారణము జెప్పకుండ చెరబెట్టవచ్చునన్నచో, ఎవ్వని నెన్నినాళ్లైనను బెట్టవచ్చును.

1628లో పార్లమెంటు గూడినపుడు కోక్ 76 ఏండ్ల వృద్ధుడు. హక్కుల విన్నపము అను పత్రమును సిద్ధపరచి నడిపించుటలో ఆతడే పెద్దదిక్కు. దానిలోని కోరికలు నాలుగు: పార్లమెంటు సమ్మతి లేక పన్ను గాని అప్పు గాని వసూలు చేయరాదు, కారణము జూపక యెవ్వరిని జెరబెట్టరాదు, సైనికులను జనుల యిండ్లలో దింపరాదు, శాంతికాలమున సైనికశాసనము నడుపరాదు. రాజు సార్వభౌమాధికారమునకు భంగము లేకుండ అను మాట చేర్పవలెనని ప్రభువుల సభ సూచించెను. చూచుటకు మర్యాదవాక్యము, కాని ఆ యొక్క మాట జేరిన తక్కినవన్నియు నీటిపై వ్రాతలగును. మాగ్నాకార్టా తనపై సార్వభౌముని సహింపదని కోక్ దానిని ద్రోసివేసెను. జూన్ 5వ తేదీన, మంత్రులను నిందింపరాదని రాజునుండి సభకు ఆజ్ఞ వచ్చినపుడు సభ్యులనేకులు కన్నీరుగార్చిరి. కోక్ లేచి, దుఃఖముచే మాట రాక కూర్చుండెను. మరల లేచి సర్వానర్థములకు మూలము బకింగ్‌హామ్ అని పేరు పెట్టి చెప్పెను. ఆతడు తన యల్లునికి దమ్ముడు. రెండు దినములకు, జూన్ 7వ తేదీన, రాజు విన్నపమునకు సమ్మతి దెలిపెను.

సమ్మతించిన రాజు మాట నిలుపుకొనలేదు. 1629లో పార్లమెంటును రద్దుచేసి 11 ఏండ్లు దానిని పిలువకయే పాలించెను. కోక్ స్టోక్ పోజెస్ గ్రామమున శాసనవ్యాఖ్యానములు వ్రాసికొనుచు 1634 సెప్టెంబరు 3వ తేదీన గతించెను. వృద్ధుడు మరణశయ్యపై నుండగనే రాజు కార్యదర్శి వచ్చి కాగితములు స్వాధీనము జేసికొనిపోయెను. ఆ కాగితములను 1641లో పార్లమెంటు విడిపించి ముద్రింపించినది. మాగ్నాకార్టాపై ఆతని వ్యాఖ్య వానిలోనిదే. 1215లో జాన్ రాజునుండి సామంతులు తమ లాభమునకై పొందిన పత్రమును ఆతడు సర్వప్రజల హక్కుపత్రముగ జదివెననియు, ఇది చరిత్రదృష్టితో సరిగాదనియు విమర్శకులందురు. విమర్శ నిజమే. పాత పత్రమునుండి క్రొత్తహక్కును దీయుటయే ఆతని పని. 1649లో చార్లెసు శిరచ్ఛేదము, 1689 హక్కుల శాసనము అటుపిమ్మటివి. 1701 శాసనమున న్యాయాధిపతుల పదవి రాజు ఇష్టముపై గాక, సత్ప్రవర్తనముపై నిలుచునట్లు నిర్ణయింపబడెను. 1616లో పదునొకండుగురు మోకాళ్లపై బడిన దినమున లేనిది ఈ నియమమే. 2019 సెప్టెంబరులో బ్రిటిషు ప్రధానమంత్రి పార్లమెంటును దీర్ఘకాలము నిలిపివేయించుట చెల్లదని అచ్చటి సుప్రీంకోర్టు నిర్ణయించినపుడు, 1610 నాటి ప్రకటనల తీర్పును ప్రమాణముగ గ్రహించెను.

ఈ చరిత్రము మనకు బరాయిది కాదు. హెబియస్ కార్పస్ 1950లో మన రాజ్యాంగమున పేరుతో నెక్కినది. రాజులు లేని దేశమున నైనను రాజశక్తి యుండును. 1976 ఏప్రిల్ 28వ తేదీన, అత్యవసర పరిస్థితి కాలమున, నిర్బంధితులు హైకోర్టులో విడుదల గోరుటకు వీలులేదని మన సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు తీర్పు జెప్పిరి, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరు విభేదించిరి. 1977 జనవరిలో ఆయన వరుస దాటి వేరొకరిని ప్రధాన న్యాయమూర్తిగా నియమింపగా ఆయన రాజీనామా నిచ్చిరి. ప్రాణస్వాతంత్ర్యముల హక్కు అత్యవసరస్థితిలో సైతము నిలుపబడరాదని 1978 నాటి 44వ సవరణ నిర్ణయించెను. ఆ తీర్పును 2017లో సుప్రీంకోర్టే త్రోసిపుచ్చెను. మూడువందలయరువది సంవత్సరముల యెడమున, రెండు దేశములందు, ఒకే విధమైన పరీక్షయే వచ్చెను; పదవియే మూల్యమయ్యెను.

కావున పాలకుని హద్దు లెట్లున్నవని మన మడుగవలసినచో, రాజ్యాంగమున నేమి వ్రాయబడినదని మాత్రమే యడిగిన చాలదు. అడుగుటకు స్థలము గలదా, అచ్చట గూర్చుండువాని నియామకమును, బదిలీయు, పదోన్నతియు ఎవరి చేతిలో నున్నవి, ఆతడు పదవి గోల్పోయినపుడు నిలువనీడ యిచ్చు ప్రజాసభ గలదా యని యడుగవలెను. కోక్ న్యాయపీఠమునుండి త్రోయబడి నశింపకుండుటకు గారణము, ఆతనిని సభకు బంపిన భూస్వాములును పట్టణవాసులును నిర్భయులై యుండుటయే. వారి పేర్లు చరిత్ర చెప్పదు. వారు లేనిచో కోక్ పేరును జెప్పియుండదని మా విశ్వాసము.